నేపాళ మాంత్రికుడు ముద్దాయి కాడు

2018 ఫిబ్రవరి 1న హైదరాబాద్ ఉప్పల్ చిలుకానగర్‌లో ఒక ఇంటి మేడ మీద పసికందు తల కనిపించింది. మొండెం లేదు. ముందు రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. రెండు వారాలకు రాచకొండ పోలీసులు ఆ ఇంట్లో ఉండే క్యాబ్ డ్రైవర్‌నూ అతని భార్యనూ అరెస్టు చేశారు. ఆమెకు ఎన్నాళ్లుగానో ఉన్న జబ్బు నయం కావాలంటే బలి ఇవ్వాలని ఎవరో మాంత్రికుడు చెప్పాడనీ, ఆ మాట నమ్మి ఈ పని చేశారనీ పోలీసులు ప్రకటించారు. ఉప్పల్, నాచారం, రామంతాపూర్ చుట్టుపక్కల ఉండే మాకు ఆ రెండు వారాలు ఇంకా గుర్తే. ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడెక్కాలన్నా తోడు కావలసి వచ్చిన రోజులవి.

ఆ భయంలోంచి ఒక వాదం బలపడింది. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, బడిలో పేరెంట్స్ మీటింగుల్లో, టీవీ చర్చల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. "ఈ మాయలూ మంత్రాల కథలే జనాన్ని పాడుచేశాయి. నిన్న జానపద సినిమాలు, చందమామ బేతాళుడు. ఇవాళ హ్యారీ పోటర్. ఆటకి మంత్రదండం పట్టుకున్నవాడు రేపు నిజంగా క్షుద్రపూజకు దిగడని ఏమిటి నమ్మకం?" ఈ మాట దగ్గర భక్తుడూ హేతువాదీ ఒక్కటైపోవడం చూసి నాకు నవ్వొస్తుంది. భక్తుడికి అది పరాయి దేశపు మంత్రవిద్య. హేతువాదికి అది అశాస్త్రీయ భావజాలం. ఇద్దరూ కలిసి బడి లైబ్రరీలో ఏడు భాగాల పోటర్‌ను పై అరకు ఎక్కించమంటారు.

ఈ వాదం తప్పు. తప్పే కాదు, అసలు నేరస్తుణ్ణి పక్కదారిన పంపించేసే వాదం.

ముందు మన ఇంటి సరుకే చూద్దాం. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో పేరు వినని పాతకాపు ఇక్కడ ఉండడు. ఆ ఎన్టీఆర్‌ను ఇంటింటి హీరోను చేసింది 1951లో వచ్చిన 'పాతాళభైరవి'. కథేమిటి? ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు. రాజుగారి అమ్మాయిని ప్రేమించాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. సరిగ్గా అప్పుడు నేపాళ మాంత్రికుడు దిగుతాడు, నీ కష్టం తీరుస్తాను నా వెంట రమ్మంటాడు. వాడికి కావలసింది రాముడి బాగు కాదు, అమ్మవారికి బలివ్వడానికి సాహసవంతుడైన ఒక కుర్రవాడి తల. మొసలి రూపంలో శాపం అనుభవిస్తున్న అప్సరస ఆ గుట్టు విప్పుతుంది. చివరికి బలి అయ్యేది మాంత్రికుడే. కె.వి. రెడ్డి తీసిన, పింగళి రాసిన, ఎస్వీ రంగారావు గడ్డం నిమురుకుంటూ ఆడించిన ఈ కథ నరబలిని నేర్పుతోందా? డబ్బూ పెళ్లీ జబ్బూ అనే మూడు అవసరాల్లో ఉన్నవాడి దగ్గరికి మాంత్రికుడు ఎలా చేరతాడో, ఏం చెప్పి లాగుతాడో, ఎవరి తల అడుగుతాడో ఇంతకంటే విడమరిచి చెప్పిన పోలీసు కరపత్రం నేనైతే చూడలేదు.

బేతాళుడి కథా ఇదే. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని ఎన్నిసార్లు నడిచాడన్నదే అందరికీ గుర్తుంటుంది. ఎందుకు మోస్తున్నాడన్నది మర్చిపోతారు. ఒక భిక్షువు రోజూ పండు కానుకగా తెచ్చి, రాజును మొహమాటపెట్టి, శ్మశానానికి రప్పించాడు. ఆఖర్న బేతాళుడు రాజుకు అసలు సంగతి చెబుతాడు: వాడు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటే నాకు తెలియదు, నువ్వే చేసి చూపించమను. భిక్షువు వంగాడు, రాజు కత్తి దూశాడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఆ చిలక మెడ విరిచేది ఒక పసివాడు. మన మంత్రాల కథల్లో ఆరితేరిన మాంత్రికుడు ఒక్కడైనా సుఖంగా చచ్చాడా?

చందమామ మీద ఈ నింద వేసేవాళ్లు ఒక్కసారి దాన్ని నడిపిన మనిషిని తలుచుకోవాలి. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికకు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా వెన్నెముకగా నిలిచింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన మార్క్సిస్టు. 1970లో విరసం పుట్టినప్పుడు అందులో ఉన్నవాడు. సైన్సు మీద, హేతువాదం మీద వ్యాసాలకు వ్యాసాలు రాసినవాడు. పగలు బేతాళ కథ సాపు చేసి, రాత్రి శాస్త్రీయ దృక్పథం గురించి రాయడంలో ఆయనకు ఇబ్బంది ఏమీ కనబడలేదు. ఆ పక్క కుర్చీలోనే దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'భల్లూక మాంత్రికుడు' లాంటి సీరియళ్లు రాశాడు. వాటిని కరువుదీరా చదివిన తరంలోంచే ఇంజనీర్లూ డాక్టర్లూ నాస్తికులూ వచ్చారు. చదివినవాళ్లందరూ చేతబడికి దిగి ఉంటే ఆంధ్రదేశంలో ఈపాటికి మనుషులు మిగిలేవాళ్లు కాదు.

ఇప్పుడు పోటర్ దగ్గరికి వద్దాం. 1997లో మొదటి భాగం వచ్చింది. అది అమెరికా చేరాక అక్కడ చర్చిలు గోల పెట్టాయి. 2000 నుంచి 2009 దాకా ఆ దేశపు లైబ్రరీల్లో తీసేయమని ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాలు ఇవేనని అక్కడి లైబ్రరీ సంఘం లెక్క తేల్చింది. ఆ గోలే కాస్త ఆలస్యంగా మన దగ్గరికి దిగుమతి అయింది. పుస్తకం విదేశీదని తిట్టేవాళ్ల చేతిలోని తిట్టు కూడా విదేశీదే.

పుస్తకం తెరిచి చూసినవాళ్లకు తెలుస్తుంది, అక్కడ మంత్రం చవగ్గా దొరకదు. బడికి వెళ్లాలి, పరీక్షలు రాయాలి, ఉచ్చారణ తప్పితే పక్కనున్న పిల్ల వెక్కిరిస్తుంది. పదిహేడేళ్లు నిండనివాడు బడి బయట మంత్రం వేస్తే మంత్రిత్వ శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. మంత్రంతో అన్నం పుట్టించలేరు. చచ్చినవాణ్ణి బతికించలేరు. చంపడం, హింసించడం, మనిషిని వశం చేసుకోవడం అనే మూడు శాపాల్లో ఏ ఒక్కటి మనిషి మీద ప్రయోగించినా యావజ్జీవ జైలు. వశీకరణానికి జీవిత ఖైదు వేసే లోకం అది. మన కరెంటు స్తంభాల మీద అదే వశీకరణానికి ఫోన్ నంబరు వేసి పోస్టరు అంటిస్తారు.

ఆ కథలో చీకటి విద్యకు శిఖరం హార్‌క్రక్స్. మాయల ఫకీరు చిలక తెలిసిన మన పిల్లలకు దీన్ని విడిగా చెప్పక్కర్లేదు. ప్రాణాన్ని ముక్కలు చేసి ఉంగరంలోనో లాకెట్‌లోనో దాచుకోవాలి. దానికి వెల మరొకరి ప్రాణం. ఒకరిని చంపితే నా ఆయుష్షు పెరుగుతుందని లెక్క కట్టేవాణ్ణి రచయిత్రి రౌలింగ్ ఏమని పిలిచింది? ఏడు భాగాల పొడుగునా ఆ నమ్మకం ఎంత నీచమో, ఎంత మూర్ఖమో, అది ఆఖరుకి తననే ఎలా మింగుతుందో చెప్పింది. చిలుకానగర్ మేడ మీద జరిగిందని పోలీసులు చెప్పిన దాని వెనక ఉన్నదీ ఆ లెక్కే: ఒక ప్రాణం ఇస్తే మరో ప్రాణం నిలుస్తుంది. పన్నెండేళ్లకు పోటర్ చదివిన పిల్లాడికి ఈ లెక్క రాక్షసుడి లెక్కని తెలుసు. తెలియనివాళ్లు ఎవరయ్యా అంటే ఆ పుస్తకం చదవనివాళ్లు.

ఇంకొక సంగతి మన విమర్శకుల కంట పడనే లేదు. ఆ పుస్తకాల్లో సగం గొడవ పుకారు గురించి. రెండో భాగంలో హ్యారీ పాముతో మాట్లాడగలడని తెలియగానే బడి బడంతా వాడే పిల్లల్ని రాళ్లుగా మారుస్తున్నాడని గుసగుసలాడుతుంది. వాడికి ఏ పాపమూ తెలియదు. యాభై ఏళ్ల కిందట అదే నేరం మీద హాగ్రిడ్‌ను బడి నుంచి తరిమేశారు. అతనూ చేయలేదు. సిరియస్ బ్లాక్ పన్నెండేళ్లు విచారణ అన్నది లేకుండా జైల్లో మగ్గాడు. ఆఖరికి చూస్తే నేరం మరొకడిది. 'వాడే చేశాడు, వాడి చూపే అంత' అన్న మాట ఎలా పుట్టి ఎలా ఊరంతా పాకుతుందో ఇంత ఓపిగ్గా చెప్పిన పిల్లల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి?

మనకు అత్యవసరంగా కావలసిన పాఠం అదే. ఎందుకంటే మన రాష్ట్రంలో చేతబడి చంపదు, చేతబడి చేశాడన్న అనుమానం చంపుతుంది. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట దగ్గర ఆద్రాస్‌పల్లిలో ఒక మహిళ చనిపోయింది. ఆమెకు చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి కొట్టి, కాలుతున్న ఆమె చితి మీదే వేశారు. ఉప్పల్ ఉన్న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే ఆ ఊరూ ఉంది. 2022 జనవరిలో జగిత్యాలలో తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ ఇదే అనుమానం మీద పొడిచి చంపారు. చిలుకానగర్ కేసులో కూడా తొలిరోజుల్లో అనుమానం పక్కింటివాళ్ల మీదకే వెళ్లింది. వాళ్లను పట్టుకెళ్లి ప్రశ్నించారు. వీధి అప్పటికే తీర్పు చెప్పేసింది. గదిలో దొరికిన రక్తపు మరకలూ ఫోరెన్సిక్ పరీక్షలూ లేకపోతే ఆ తీర్పు ఎక్కడిదాకా వెళ్లేదో ఊహించుకోండి.

ఈ అనుమానం ఎక్కడ పుడుతుంది? ఏ నవలలోనూ కాదు. అది ఒక వ్యాపారంలో తయారవుతుంది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గరో, నాచారం పారిశ్రామికవాడ గోడల మీదో ఆ వ్యాపారపు బోర్డులు ఎవరైనా చదవచ్చు. అప్పులు, కోర్టు కేసులు, భార్యాభర్తల తగాదాలు, సంతానం, వీసా, అంతుపట్టని జబ్బులు. మొదటిసారి వెళితే తీసుకునేది తక్కువే, ఒక నిమ్మకాయా, ఒక తాయెత్తూ, కొంచెం విభూతి. పని జరగకపోతే శ్రద్ధ తక్కువైందంటాడు. ఇంకో పూజ పడాలంటాడు. అప్పటికీ జరగకపోతే అసలు మాట బయటికి తీస్తాడు: "మీకు బాగా దగ్గరివాళ్లే చేయించారు. ఇంటికి తూర్పు వైపు ఉంటారు. పేరు నేను చెప్పకూడదు." పేరు చెప్పక్కర్లేదు. ఇంటికి వెళ్లేలోపు ఆ మనిషి మనసులోనే పేరు తయారైపోతుంది. పొలం గట్టు తగాదా ఉన్న పెదనాన్నో, ఒంటరిగా ఉండే ముసలావిడో, ఎవరితోనూ కలవని కుర్రాడో. ఆద్రాస్‌పల్లి చితికి నిప్పు ఇలాంటి వాక్యాల నుంచే అంటుకుంటుంది.

కథలోని మాంత్రికుడికీ ఈ దుకాణదారుడికీ ఉన్న అసలు తేడా పరీక్ష. పిల్లవాడు చీపురు మీద కూర్చుని ఎగరబోతాడు, ఎగరడు, నవ్వుకుని దిగుతాడు. అక్కడితో ఆ మంత్రం పని తేలిపోయింది. కథకు ఆ ఓటమి వల్ల నష్టం ఏమీ లేదు. దుకాణదారుడు ఏ పరీక్షకూ నిలబడడు. నయమైతే తన మహిమ, కాకపోతే నీ లోపం, అదీ కాకపోతే పక్కింటివాడి పని. ఓడిపోయే దారి లేని విద్యను శాస్త్రం ఎప్పుడూ అనుమానించమంటుంది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో పట్టానని లుబ్ధావధాన్లును నమ్మిస్తాడు. సీసా ఖాళీగా ఉందని ప్రేక్షకుడికి తెలుసు, అవధాన్లుకు తెలియదు. ఆ నవ్వును తెలుగువాడికి నేర్పింది నాటకం. ఉపన్యాసం ఇన్నేళ్లలో అంత నేర్పలేదు.

హేతువాద మిత్రులు ఇక్కడ చేతబడి నవల 'తులసిదళం' గుర్తుచేస్తారు. గుర్తుచేయాలి కూడా. 1980ల తొలినాళ్లలో యండమూరి అందులో సృష్టించిన కాష్మోరా అనే క్షుద్రశక్తితో తెలుగు పాఠకులు దీపం ఆర్పడానికి భయపడ్డారు. రంగనాయకమ్మ దాని మీద 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకమే రాశారు, గొడవ కోర్టు మెట్లెక్కింది. ఆ పోట్లాటలో నేను చాలావరకు రంగనాయకమ్మ పక్షమే. కారణం అందులో మంత్రం ఉండటం కాదు. మన వీధిలో, మన ఆస్పత్రిలో, మన డాక్టర్ల పక్కనే ఆ మంత్రాన్ని నిలబెట్టి, ఏమో నిజమేనేమో అన్న సందేహాన్ని పాఠకుడి చేతిలో పెట్టి వదలడం. ఉజ్జయినికి బస్సు టికెట్ తీసుకుని పాతాళభైరవి గుహ వెతికినవాడు లేడు. పోటర్ కథలోని తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ఫోటో దిగేవాళ్లు ఉన్నారు, గోడలోకి నడిచి తల పగలగొట్టుకునేవాళ్లు లేరు. కథ తాను కథనని ఒప్పుకున్నంతసేపూ పిల్లలు దాన్ని చక్కగా పట్టుకోగలరు. రెంటినీ ఒకే గాటన కట్టి పోటర్‌నూ కాష్మోరానూ కలిపి నిషేధించమనడం సోమరితనం.

ఇక 'చదువుకుంటే ఇవన్నీ పోతాయి' అనేవారికి రెండు మాటలు చాలు. 2021 జనవరి 24న మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు కూతుళ్లను చంపుకున్న తల్లిదండ్రులు పాఠాలు చెప్పేవాళ్లు. తండ్రి కాలేజీలో కెమిస్ట్రీ బోధించేవాడు, తల్లి బడి నడిపేది. కలియుగం ముగిసి సత్యయుగం వస్తుందనీ పిల్లలు మళ్లీ లేస్తారనీ నమ్మారు. చచ్చినవాళ్లను ఏ మంత్రమూ తేలేదన్నది పోటర్ చదివే బడి హాగ్వార్ట్స్‌లో మొదటి ఏడాది పిల్లాడికి కూడా తెలుసు.

మన ప్రాంతంలోనే చూడండి. తార్నాక నుంచి ఉప్పల్ దాకా దారి పొడుగునా దేశంలోని పెద్ద ప్రయోగశాలలు: ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. డీఎన్ఏ వేలిముద్రల సంస్థ సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లోనే ఉంది. చిలుకానగర్ మేడకు ఇవేమీ దూరం కాదు. సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ 2017లో పోయేదాకా శాస్త్రీయ దృక్పథం కోసం పోట్లాడుతూనే ఉన్నాడు. యూనివర్సిటీల్లో జ్యోతిషాన్ని శాస్త్రంగా బోధించడం ఆపమని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2004లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి కర్తవ్యమని 1976లోనే రాజ్యాంగంలో చేర్చుకున్న దేశం మనది. అదే దేశం గ్రహబలానికి డిగ్రీ ఇస్తానంది. ఆ రోజు కోపగించుకోని పెద్దలు ఇవాళ పదేళ్ల పిల్ల చేతిలోని ప్లాస్టిక్ మంత్రదండం చూసి కంగారుపడుతున్నారు.

చట్టం సంగతీ అంతే. మంత్రాలతో, తాయెత్తులతో జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. కానీ ఆ చట్టం జబ్బుల దగ్గరే ఆగిపోతుంది. వీసాకూ వశీకరణానికీ కోర్టు కేసుకూ పూజ చేస్తానన్నవాణ్ణి అది ముట్టుకోదు. జబ్బుల మాట రాసిన పోస్టర్ల మీదైనా ఎవరినైనా పట్టుకున్నారా అని అడగండి, స్టేషన్‌లో మీ వంక వింతగా చూస్తారు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్రకు సిగ్గేసి, కొద్ది రోజుల్లోనే ఆర్డినెన్సు తెచ్చింది, ఆ ఏడాది చివరికే నరబలి, చేతబడి నిరోధక చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసింది, 2020లో అమల్లోకి తెచ్చింది. తెలంగాణకు ఒక పక్క ఆ రాష్ట్రం, ఇంకో పక్క ఈ రాష్ట్రం. మధ్యలో మనకు అలాంటి చట్టం లేదు. చిలుకానగర్ తర్వాత రాలేదు, ఆద్రాస్‌పల్లి తర్వాత రాలేదు, జగిత్యాల తర్వాతా రాలేదు.

వచ్చే పేరెంట్స్ మీటింగులో పోటర్ పుస్తకాల మీద సంతకాలు సేకరించే పెద్దలకు నాదొక విన్నపం. ఆ కాగితం చించేసి ఇంకోటి రాయండి. దోషం ఉందని భయపెట్టి డబ్బు గుంజడాన్ని, చేతబడి చేశారని ఒకరి పేరు బయటపెట్టడాన్ని, పేరు పెట్టకుండా తూర్పు దిక్కు చూపించడాన్ని కూడా నేరం చేసే చట్టం కావాలని అందులో అడగండి. ఫలానా మనిషి చేతబడి చేశాడన్న మాట ఊళ్లో వినబడిన రోజునే పోలీసులు వెళ్లి ఆ మనిషి గుమ్మం ముందు కాపలా నిలబడాలనీ, చితి అంటుకున్నాక రావడం కుదరదనీ రాయండి. ఆ కాగితం మీద మొదటి సంతకం నేను పెడతాను.